డబ్బా టీచరమ్మ పెట్టిన పరీక్ష

డబ్బా మూత చేతిలోంచి జారి, గచ్చు మీద దొర్లుకుంటూ పోయి, రిపేరుకొచ్చిన కుట్టుమిషన్ల కాళ్ళ మధ్య ఎక్కడో పడింది.

"తీసివ్వండి," అంది టీచరమ్మ.

మిషను కింద వెల్లకిలా పడుకుని నట్లు బిగిస్తున్న భర్త తల బయటపెట్టలేదు. "విసిరిందానివి నువ్వే తీసుకో."

"విసరలేదు. జారింది."

"జారిన మూత ఇంత దూరం రాదు."

ఆదివారం నుంచి ఆ ఇంట్లో మాటలన్నీ ఇలాగే ఉన్నాయి. ఇవాళ మంగళవారం. అసలు మాట మాత్రం ఎవరి నోటా రావడం లేదు. అది రెండు కాగితాలై ఫ్రిజ్ మీద, మందుల పెట్టె కింద ఉంది. దుమ్ము తుడవడానికి కూడా టీచరమ్మ ఆ పెట్టె ఎత్తలేదు.

ఒక్కగానొక్క కూతురు మఠంలో చేరతానంది. సిస్టరవుతుందట. శుక్రవారం పొద్దున మఠం వాళ్ళ బస్సు. మొదటి రెండేళ్ళు ఇంటికి పంపరు. నెలకో ఉత్తరం రాసుకోవచ్చు. ఆ తర్వాత వాళ్ళు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి.

గుడిలో పిల్లలకి ముప్పై ఏళ్ళుగా సత్యోపదేశం, అంటే మతపాఠాలు, చెబుతున్న ఉపదేశి టీచరమ్మ. దేవుడు పిలిస్తే సరే అనాలని ఎందరికో నేర్పింది. ఆ పిలుపు తన గుమ్మం తొక్కేసరికి ఒళ్ళు మండిపోయింది. అలా మండకూడదని ఆవిడకి తెలుసు. తెలిసినకొద్దీ ఇంకా మండుతోంది.

వీధి తలుపు తెరుచుకుంది. కూతురు లోపలికొచ్చి చెప్పులు విడిచింది. పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పని దానికి. ఎప్పుడూ మోచేతుల దాకా తెల్లటి ప్లాస్టర్ పొడి అంటుకునే ఉంటుంది. ఇంట్లో అందరూ గువ్వ అంటారు. ఇరవై నాలుగేళ్ళొచ్చినా అదే పిలుపు.

"నాన్నా, టీ తాగావా?"

"తాగలేదు. మీ అమ్మ పొయ్యి దగ్గరికెళ్ళలేదు. మూతలతో ఆడుకుంటోంది."

గువ్వ నవ్వలేదు. వంగి, మిషన్ల మధ్య చెయ్యి పెట్టి, మూత తీసి తల్లి ముందు పెట్టింది.

"అమ్మా, గురువారం సాయంత్రంలోగా ఆ రెండు కాగితాలూ ఇమ్మన్నారు ఫాదర్."

"విన్నాను."

"ఎప్పుడు విన్నావు? నేనిప్పుడేగా చెప్తున్నాను."

"నువ్వు చెప్పేలోపు ఊరంతా చెప్పారు. పాటలు పాడే ఆవిడ చెప్పింది. పూలు సర్దే ఆవిడ చెప్పింది. గంట కొట్టే ఆయన కూడా చెప్పి వెళ్ళాడు, సంతోషమండీ అని. కన్నదాన్ని. నాకు మాత్రం అందరి తర్వాత తెలియాలి."

గువ్వ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినబడింది.

టీచరమ్మ లేచి, ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, ఆదివారం తర్వాత మొదటిసారి మందుల పెట్టె ఎత్తింది.

మొదటి కాగితం ఉపదేశి ఇవ్వాల్సిన పత్రం. ఈ అమ్మాయికి సువార్తల గురించి, యేసు ప్రభువు గురించి, మరియమాత గురించి తిరుసభ చెప్పేది తెలుసునని నేను పరీక్షించి రాసి ఇస్తున్నాను, అని ఉంది. కింద సంతకానికి గీత. ఆ గుడి కిందికొచ్చే విచారణ మొత్తంలో ఉపదేశి టీచరమ్మ ఒక్కతే.

రెండో కాగితం తల్లిదండ్రుల అంగీకారం. కింద రెండు గీతలు. ఒకటి ఖాళీగా ఉంది. రెండోదాని మీద సంతకం ఉంది. పక్కనే బొటనవేలి నూనె మరక.

ఆవిడ ఆ మరకని చూస్తూ నిలబడిపోయింది.

"ఏమండీ."

మిషను కింద స్పానర్ ఆగింది.

"ఎప్పుడు పెట్టారు ఈ సంతకం?"

"సోమవారం పొద్దున. నువ్వు పూజకెళ్ళినప్పుడు."

"నాతో ఒక్క మాట అనలేదు."

"అంటే పెట్టనిచ్చేదానివా?"

ఆయన బయటికి జరిగొచ్చి కూర్చున్నాడు. మొహాన నూనె చార. తుడుచుకోబోయి ఇంకాస్త పూసుకున్నాడు.

"అది అడిగింది. కళ్ళల్లోకి చూసి అడిగింది. నా వల్ల కాలేదు."

"మీ వల్ల ఎప్పుడైంది గనక! చిన్నప్పుడు పిల్లి కావాలంటే పిల్లి. గుడ్డముక్కలన్నీ చింపుకుంటానంటే సరే. ఇప్పుడు పోతానంటే దానికీ సరే!"

తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గువ్వ గుమ్మంలో నిలబడింది. "అమ్మా, నాన్ననేం అనకు. నన్ను అను."

"నిన్నేమంటాను? నువ్విప్పుడు దేవుడి మనిషివి." టీచరమ్మ మొదటి కాగితం టేబుల్ మీద పరిచింది. "కానీ ఇది నా చేతిలో ఉంది. పరీక్షించి రాసి ఇస్తున్నాను అని ఉంది ఇందులో. పరీక్ష పెట్టకుండా ముప్పై ఏళ్ళలో ఒక్కళ్ళకి కూడా రాసివ్వలేదు నేను. నీకూ ఇవ్వను."

తల్లి అనుకున్నది వేరు. పిల్ల ఏడుస్తుంది, బతిమాలుతుంది, రెండు రోజులు అలాగే గడిచిపోతాయి, బస్సు వెళ్ళిపోతుంది అనుకుంది.

గువ్వ డబ్బా వైపు చూసింది. "సరే. పెట్టు."

టీచరమ్మ డబ్బాని తన వైపు లాక్కుంది.

*

అది బిస్కట్ల డబ్బా. మీద బొమ్మ ఎప్పుడో అరిగిపోయింది. లోపల మడతపెట్టిన చీటీలు, ఒక్కోదాంట్లో ఒక్కో ప్రశ్న. పూజలో ఇచ్చే సత్ప్రసాదం మొదటిసారి తీసుకునే ప్రతి పిల్లా పిల్లాడూ ఆ డబ్బాలో చెయ్యి పెట్టి పన్నెండు చీటీలు తీయాలి, పన్నెండింటికీ జవాబు చెప్పాలి. ఒక్కటి తప్పినా మళ్ళీ వారం రావాలి. ఎవరి పిల్లలైనా అంతే. పిల్లలు ఆవిడకి డబ్బా టీచరమ్మ అని పేరు పెట్టారు. ఆవిడకా పేరు తెలియదనుకుంటారు.

పాటలు పాడే ఆవిడ మనవరాలు, యేసు ప్రభువు సగం దేవుడు సగం మనిషి అన్నందుకు ఒక వారం ఆగింది. ఆ ఇంటివాళ్ళు టీచరమ్మతో ఏడాది మాట్లాడలేదు. అయినా ఆవిడ లెక్కచెయ్యలేదు.

ఇప్పుడు చిక్కేమిటంటే, ఆ చీటీలు పాతబడి చిరిగిపోతుంటే అన్నీ కొత్త కాగితాల మీద తిరగరాసింది గువ్వే. పన్నెండేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో, మిషను బల్ల మీద కూర్చుని, నాలుక బయటపెట్టి రాసింది. డబ్బాలో ఏముందో డబ్బాకంటే దానికే బాగా తెలుసు.

బుధవారం పొద్దున పూజ అవగానే టీచరమ్మ గుడి ఆఫీసుకి వెళ్ళింది. మూడు మెట్లెక్కాలి. ఎక్కేటప్పుడు మెట్ల వైపు చూడకుండా ఎక్కింది.

ఫాదర్ కొవ్వొత్తుల పెట్టెలు లెక్కపెట్టుకుంటున్నారు. ఆవిడకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. ఆవిడ వస్తే ఇప్పటికీ లేచి నిలబడతారు.

"పరీక్ష మీరు పెట్టండి ఫాదర్."

"నా దగ్గర డబ్బా లేదుగా టీచరమ్మా."

"వేళాకోళం వద్దు. నా కూతురు. నేను పెడితే పక్షపాతమంటారు."

"ఎటువైపు పక్షపాతం?"

ఫాదర్ పెట్టె పక్కన పెట్టారు.

"పాటలు పాడే ఆవిడ మనవరాలిని ఆపొద్దని నేనే వచ్చి మిమ్మల్ని అడిగాను, గుర్తుందా? తెలిసినదాన్ని తెలియదని రాయను, తెలియనిదాన్ని తెలుసని రాయను అన్నారు. ఆ రోజు నుంచే నాకు మీరంటే గౌరవం. ఇప్పుడూ అదే రాయండి. తెలిస్తే తెలుసని."

"అంటే నా చేత్తోనే..."

"అది మొదటి కాగితం. రెండోది వేరు. దాని గురించి మిమ్మల్ని నేనేమీ అడగను. అడిగే హక్కు నాకు లేదు."

"రెండూ ఉంటేనే కదా తీసుకునేది?"

"మా పద్ధతి అంతే. ఆ పిల్లకి వయసుంది, చట్టానికి మీ సంతకం అక్కర్లేదు. మఠం వాళ్ళకి కావాలి. తల్లిని ఏడిపించి వచ్చిన పిల్లని వాళ్ళు తీసుకోరు."

"ఏడవకుండా సంతకం పెట్టే తల్లి ఎక్కడుంటుంది ఫాదర్? వెతికి తీసుకురండి, మొహం చూసి వెళ్తాను."

ఫాదర్ తల దించుకున్నారు. ఆవిడకి ఇంకో మాట అనాలనుంది. ఆదివారం మీరు ఈ తలుపు ఎందుకు వేశారు అని. అది గొంతు దాకా వచ్చింది. మింగేసి, గొడుగు తీసుకుని మెట్లు దిగిపోయింది.

*

మధ్యాహ్నం భర్త అన్నానికి లేచేసరికి టేబుల్ మీద పాత చీటీలు పెద్ద కుప్పగా, ఆవిడ కొత్తగా రాస్తున్నవి చిన్న కుప్పగా ఉన్నాయి. పెద్ద కుప్పని ఆవిడ గిన్నెలోకి తోసేసింది. డబ్బా ఖాళీ అయింది. ముందు కొత్త కాగితం, కత్తెర, పెన్ను ఉన్నాయి.

"ఏం చేస్తున్నావు?"

"కనబడట్లేదా?"

ఆయన ఒక చీటీ తీసి చదివాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు. "ఇది నాకే తెలియదు."

"మీకు తెలిసిందెప్పుడు?"

"పదేళ్ళ పిల్లలకి కూడా ఇలాంటివే ఇచ్చావా?"

"అది పదేళ్ళ పిల్ల కాదు."

"టీచరమ్మా." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇన్నేళ్ళూ నీ డబ్బాలో దొంగాట లేదు. నీ మీద కోపమున్నవాళ్ళు కూడా ఆ మాట ఒప్పుకుంటారు. ఇప్పుడు నీ పిల్లకే దొంగాట ఆడతావా?"

"దొంగాట కాదు. అన్నీ సత్యోపదేశంలోవే. కష్టమైనవి ఏరాను. అంతే."

"తప్పాలని ఏరావు."

"అవును! తప్పాలనే! ఒక్కటి తప్పితే ఒక వారం ఆగుతుంది. ఒక్క వారం. ఆ బస్సెళ్ళిపోతుంది, తర్వాతి బస్సు ఆరు నెలలకి. ఆరు నెలల్లో మనసు మారుతుందేమో. మారకపోతే ఆరు నెలలు నా ఇంట్లో ఉంటుంది. అది తప్పా?"

ఆయన గిన్నెలోని పాత చీటీలని వేలితో కదిపాడు. గుండ్రటి, పన్నెండేళ్ళ పిల్ల అక్షరాలు.

"మిగతా పిల్లలకెవరికీ ఇలా చెయ్యలేదు," అన్నాడు.

"వాళ్ళెవరూ నన్నొదిలి పోలేదు," అంది ఆవిడ.

పదకొండు చీటీలు రాయడానికి అరగంట పట్టింది. పన్నెండోది రాసి చింపేసింది. మళ్ళీ రాసి, చదువుకుని, చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. చివరికి మడిచి డబ్బాలో వేసి మూత నొక్కింది.

*

సాయంత్రం ఆరింటికి ముగ్గురూ టేబుల్ చుట్టూ కూర్చున్నారు. సాక్షి ఉండాలని భర్తని కూర్చోబెట్టింది టీచరమ్మ. ఆయన మొహం కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పరీక్ష తనకే అన్నట్టు భయంగా ఉన్నాడు.

గువ్వ డబ్బాలో చెయ్యి పెట్టింది. చెయ్యి ఆగింది. చీటీలు తక్కువగా ఉన్నాయని వేళ్ళకి తెలిసిపోయింది. తల్లి మొహం చూసింది. తల్లి కిటికీ వైపు చూస్తోంది.

గువ్వ ఒకటి తీసి విప్పింది. "యేసు ఒక్కడే కదా, సువార్తలు నాలుగెందుకు?"

"చెప్పు."

"మా ల్యాబులో ఒక నోటికి అచ్చు తీస్తే, దాన్ని అన్నివైపుల నుంచీ తిప్పి చూస్తాం. ముందు నుంచి చూస్తే కనబడని పన్ను పక్కనుంచి కనబడుతుంది. నోరు మాత్రం ఒక్కటే. మత్తయి, మార్కు, లూకా, యోహాను నలుగురూ చూసింది ఒక్కరినే. ఒకరు చెప్పనిది ఇంకొకరు చెప్పారు."

"పళ్ళ గురించి అడగలేదు నేను."

"జవాబు తప్పా?"

"...తర్వాతది."

అమలోద్భవం, అంటే మచ్చలేని పుట్టుక, ఎవరిది? ఇది పెద్దవాళ్ళు కూడా తప్పే ప్రశ్న. యేసు ప్రభువు కన్యకి పుట్టడం అనేస్తారు. గువ్వ అనలేదు. "మరియమ్మ తన తల్లి కడుపులో పడ్డ సంగతి. ఆ క్షణం నుంచే జన్మపాపం ఆమెకి అంటలేదు. కొడుకు చెయ్యబోయే రక్షణ వల్లే ఆమెకా వరం. సొంత గొప్ప కాదు."

మరియమ్మని దేవుడి తల్లి అంటే, దేవుడికంటే ముందు ఆమె ఉన్నట్టా? "కాదు. ఆమె కన్న బిడ్డ దేవుడు. పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి, ఒక్కడే. అందుకని దేవుడి తల్లి." మరి ఆమెని ఆరాధిస్తామా? "ఆరాధన దేవుడికే. ఆమెకి గౌరవం. మా కోసం ప్రార్థించమని అడుగుతాం, అంతే."

ఒక్కో జవాబుకీ తండ్రి తల ఊపుతున్నాడు. టీచరమ్మ ఆయన మోకాలు మీద చరిచింది. "మీరు ఊపకండి."

ఆవిడకి కోపం ఎవరి మీద తీసుకోవాలో తెలియడం లేదు. ప్రతి జవాబూ తన నోట్లోంచి వెళ్ళిందే. తను ఆగే చోటే అది ఆగుతోంది, తను నొక్కే మాటే అది నొక్కుతోంది. ఇంత బాగా నేర్పినందుకు తనని తనే తిట్టుకుంది.

ఆరో చీటీ. "లూకా సువార్తలో మరియమ్మ మొట్టమొదట పలికిన మాట ఏది?"

తల్లి ముందుకి వంగింది. ఎవరైనా ఇక్కడ, నీ మాట ప్రకారమే జరగనీ అంటారు.

"ఇది ఎలా జరుగుతుంది, అని అడిగింది దేవదూతని. ముందు ప్రశ్న. తర్వాతే సరే అంది."

"చూశావా! ముందు అడిగింది. నువ్వు అడిగావా నన్ను?"

"అమ్మా, దూతకి సరే చెప్పేముందు మరియమ్మ వాళ్ళమ్మ దగ్గరికెళ్ళి అడిగిందా?"

తండ్రికి పొలమారింది. టీచరమ్మ పళ్ళు కొరికింది. "తర్వాతది తియ్యి."

"బాలయేసు పన్నెండేళ్ళప్పుడు తప్పిపోతే, మూడో రోజు దొరికినప్పుడు తల్లి ఏమంది?" అని చదివి, గువ్వే జవాబు చెప్పింది.

"ఎందుకిలా చేశావు నాయనా, మీ నాన్నా నేనూ ఎంత బెంగపడి వెతికామో, అంది."

"అతనేమన్నాడు?"

"నా తండ్రి ఇంట్లో ఉండాలని మీకు తెలియదా, అన్నాడు."

"వాళ్ళకి అర్థమైందా?"

"కాలేదు. లూకా అలాగే రాశాడు."

"దేవుడి తల్లికే అర్థం కాలేదు. నాకెక్కణ్ణుంచి అవుతుంది? సరే, తర్వాత ఏం చేశాడు?"

"వాళ్ళతో ఇంటికొచ్చేశాడు. చెప్పినమాట విన్నాడు."

"ఇంటికొచ్చేశాడు." టీచరమ్మ భర్త వైపు తిరిగింది, సాక్షి విన్నాడా లేదా అన్నట్టు. "విన్నారుగా?"

"అప్పుడు పన్నెండేళ్ళమ్మా," అంది గువ్వ మెల్లిగా. "ముప్పై ఏళ్ళప్పుడు వెళ్ళిపోయాడు."

వీధిలో ఎవరో బండికి గాలి కొట్టించుకుంటున్నారు.

ఎనిమిది, తొమ్మిది, పది అయిపోయాయి. పదకొండు, సువార్తల్లో మరియమ్మ ఆఖరి మాట ఏది? కానా ఊరి పెళ్ళిలో, ఆయన చెప్పింది చెయ్యండి, అంది గువ్వ. అంతకుమించి ఒక్క ముక్క చేర్చలేదు. దానికి తల్లి మీద జాలేసిందని తండ్రికి అర్థమైంది.

డబ్బాలో ఒక్క చీటీ మిగిలింది.

గువ్వ విప్పింది. చదువుకుంది. పైకి చదవలేదు.

"పైకి చదవాలి. సాక్షికి వినబడాలి," అంది టీచరమ్మ.

"యేసు ఇంట్లో జనానికి బోధిస్తుంటే, తల్లి బయట నిలబడి కబురు పంపింది. కొడుకు బయటికొచ్చాడా?"

గువ్వ చీటీని టేబుల్ మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది.

"నా తల్లి ఎవరు, నా అన్నదమ్ములు ఎవరు, అన్నాడు. దేవుడి ఇష్టం చేసేవాళ్ళే నా తల్లీ తోబుట్టువులూ అన్నాడు. అన్నదమ్ములంటే దగ్గరి చుట్టాలు. ఇది తల్లిని చిన్నచెయ్యడం కాదు. దేవుడి ఇష్టానికి అందరికంటే ముందు సరే అన్నది ఆమే. కాబట్టి ఆ మాట కూడా ముందు ఆమెకే..."

"అది నేను నేర్పిన జవాబు. నేనది అడగలేదు. వచ్చాడా, రాలేదా?"

"మార్కు రాయలేదు."

"లూకా?"

"లూకా కూడా రాయలేదు. యోహానులో ఈ సంగతే లేదు."

"మత్తయి?"

గువ్వ రాయలేదు అనబోయి ఆగింది. కళ్ళు మూసుకుంది. చిన్నప్పుడు చీటీలు రాసేటప్పటిలాగే పెదాలు కదిలాయి. టీచరమ్మ కుర్చీ అంచుకి జరిగింది. తప్పుతుంది. ఈసారి తప్పుతుంది. ఆరు నెలలు.

"అమ్మా... ఆ అధ్యాయం అక్కడితో అయిపోతుంది. తర్వాతి అధ్యాయం విత్తనాలు చల్లేవాడి కథ. అది ఎలా మొదలవుతుంది?"

"నన్నడుగుతావేంటి?"

"ఆ రోజే అని మొదలవుతుంది. ఆ రోజే యేసు ఇంట్లోంచి బయటికొచ్చి సముద్రం ఒడ్డున కూర్చున్నాడు." గువ్వ కళ్ళు తెరిచింది. "వచ్చాడమ్మా. ఆ రోజే బయటికొచ్చాడు."

టీచరమ్మ లేచి, బైబిలు తెచ్చి, పేజీ తిప్పింది. ఉంది. అధ్యాయం చివర తల్లి బయట నిలబడి ఉంది. కింద కొంచెం ఖాళీ జాగా. తర్వాత పెద్ద అంకె. ఆ రోజే.

ముప్పై ఏళ్ళు. తల్లి బయట నిలబడ్డ పాఠం పదకొండో వారం చెప్పేది. విత్తనాల పాఠం పన్నెండో వారం. మధ్యలో ఏడు రోజులు. ప్రతి ఏడాదీ ఆ తల్లిని వారం రోజులు గుమ్మం బయట నిలబెట్టేసి, తను ఇంటికొచ్చి వంట చేసుకునేది. రెండూ ఒకే రోజని ఒక్కసారి కూడా చూసుకోలేదు.

వేలు ఆ లైను మీదే ఉంచింది.

"బయటికొచ్చాడు. సరే. మరి గుమ్మం దగ్గర నిలబడ్డావిడతో మాట్లాడాడా?"

"రాయలేదు."

"నేను ఆదివారం ఆ ఆఫీసు మెట్ల మీద నిలబడ్డాను." టీచరమ్మ ఎవరి వైపూ చూడలేదు. "లోపల నువ్వున్నావు. మఠం సిస్టర్లున్నారు. తలుపు కొడితే, కాసేపు ఆగమనండి అని కబురొచ్చింది. ఎండలో ముప్పావుగంట నిలబడ్డాను. వచ్చేపోయేవాళ్ళందరూ, ఏంటి టీచరమ్మా ఇక్కడున్నారు అనడం. చివరికి తలుపు తీస్తే గదిలో ఎవరూ లేరు. నువ్వు వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయావు. మొహం చూపించకుండా."

తండ్రి ఇది ఇప్పుడే వింటున్నాడు. ఆయన చెయ్యి టేబుల్ అంచుని పట్టుకుంది.

గువ్వ చీటీని మళ్ళీ మడిచింది. మాట్లాడినప్పుడు గొంతు ల్యాబులో పనిచేసే పిల్లది కాదు, చీటీలు రాసిన పిల్లది.

"నువ్వున్నావని తెలుసు. కిటికీలోంచి గొడుగు కనబడింది. సిస్టరు నా ముందు దరఖాస్తు పెట్టారు, సంతకం చెయ్యమని. నీ మొహం చూస్తే చెయ్యలేనమ్మా. అందుకే కాసేపు ఆగమన్నాను. చేశాక కూడా నీ ముందుకి రాలేకపోయాను. వచ్చుంటే అక్కడే చింపేసేదాన్ని." ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడూ అంతే. శుక్రవారం పొద్దున నువ్వు గుమ్మంలో నిలబడకు. నిలబడితే నేను వెళ్ళలేను. నిజంగా వెళ్ళలేను."

డబ్బా ఖాళీగా వాళ్ళ మధ్య ఉంది.

టీచరమ్మ మొదటి కాగితం దగ్గరికి లాక్కుంది. రాయలేదు అన్నది కూడా జవాబే. సువార్తలో లేనిదాన్ని ఉందని చెప్పకూడదని నేర్పింది తనే. పన్నెండింటికి పన్నెండు అని రాసింది. కింద పొందిగ్గా సంతకం చేసింది. తెలిసినదాన్ని తెలియదని ఎలా రాస్తుంది!

రెండో కాగితం తీసుకుంది. నూనె మరక పక్కన ఖాళీ గీత. పెన్ను గీత దాకా వెళ్ళి ఆగింది. టీచరమ్మ పెన్నుకి మూత పెట్టేసింది.

ఈ నాలుగు రోజులూ కాగితాలు, చీటీలు, ఫాదర్, అంటూ పిచ్చిదానిలా తిరిగింది. అవేవీ అక్కర్లేదు. సంతకం పెట్టినా ఫరవాలేదు. శుక్రవారం పొద్దున లేచి, మొహం కడుక్కుని, గుమ్మంలో నిలబడితే చాలు. పిల్ల ఆగిపోతుంది. ఆ సంగతి పిల్లే నోరారా చెప్పింది.

ఆవిడ కాగితాన్ని మడిచి బైబిల్లో, ఆ పేజీలోనే పెట్టింది. ఇవ్వడానికి రేపు సాయంత్రం దాకా టైముంది. భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, శుక్రవారం బస్సు ఎన్నింటికి?"